చక్రాన్ని లేపే గంట

కొండ కింద ఒక ఊరు ఉండేది. ఊరి పక్కన ఒక ఏరు, ఏటి మీద ఒక పెద్ద కొయ్య చక్రం ఉండేవి. ఊళ్ళో జొన్నలు విసిరేది ఆ చక్రమే, వడ్లు దంచేది అదే, ఎగువ వీధి తొట్లలోకి నీళ్ళు తోడేదీ అదే. అది ఆగిన రోజున ఆడవాళ్ళు అటకల మీది రోకళ్ళు దింపుకోవాల్సిందే.

ఆ చక్రాన్ని గంట తిప్పుతుందని ఊరి నమ్మకం. చక్రం పక్కన ఒక చిన్న గది, గదిలో ఒక కంచు గంట ఉన్నాయి. రోజూ పొద్దున్నే గంటపెద్ద ఎర్ర తలపాగా చుట్టుకుని వచ్చి, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేవాడు. గంట మూడుసార్లు మోగేది. చక్రం ఒళ్ళు విరుచుకుని కదిలేది. బయట నిలబడ్డవాళ్ళు దండం పెట్టుకుని పనుల్లోకి పోయేవారు. లోపల అతను ఒక చేత్తో గంట కొడుతూ, రెండో చేత్తో చక్రం మీదికి నీళ్ళు వదిలే తూము పలక పైకి లాగుతాడన్న సంగతి అతనికీ, ఎప్పుడో పోయిన అతని తండ్రికీ తప్ప మరొకరికి తెలియదు.

ఎండాకాలం వస్తే ఏరు సన్నబడేది, చక్రం నీరసంగా తిరిగేది. ఊరు ఏం చేసేదయ్యా అంటే, ఇంకా గంటలు తెచ్చేది. ప్రతి ఇంటి చూరుకీ ఒక గంట వేలాడేది. వీధుల వారీగా వంతులు వేసుకుని మరీ కొట్టేవారు. ఒక ఏడాది, కింది వీధి గంటల్లో పస లేకపోబట్టే చక్రం డీలా పడిందని పెద్దలు తేల్చి, ఆ వీధి జొన్నలు నెలరోజులు విసరనివ్వలేదు. కింది వీధివాళ్ళు కూడా తప్పు తమదేనని ఒప్పుకున్నారు. ఆ మరుసటి ఏడు రెట్టింపు గంటలు కట్టారు. వాళ్ళను చూస్తే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

గంటపెద్ద చెడ్డవాడేం కాదు. ఆ చక్రాన్ని అతను ప్రాణంగా చూసుకునేవాడు. ఇరుసుకు చెవి ఆనిస్తే ఏట్లో నీళ్ళు ఎన్ని జానల లోతున్నాయో చెప్పగలడు. ఏ రెక్క నానిందో, ఏ రెక్క బీట తీసిందో చప్పుడును బట్టి కనిపెట్టగలడు. తండ్రి చేతి దెబ్బలు తింటూ పన్నెండేళ్ళు నేర్చుకున్న విద్య అది. అంత విద్య ఉన్న మనిషిని ఊళ్ళో ఎవరూ ఎన్నడూ ఒక్క ప్రశ్న అడగలేదు. దండం పెట్టేవారు, వెళ్ళిపోయేవారు. అతనికి అది గౌరవంగానే తోచేది. అప్పుడప్పుడు మాత్రం, పలక లాగుతూ, ఈ పనితనం చూసి ఒక్కరైనా ఔరా అనుకుంటే ఎంత బాగుండునో అనిపించేది.

అలా ఉండగా ఏటి దిగువ నుంచి ఒకామె వచ్చింది. తాటాకులతో చాపలు, బుట్టలు, పిల్లల బొమ్మలు అల్లి అమ్ముకునే మనిషి. ఊరు ఆమెను తాటాకమ్మ అంది. బట్టలుతికే రేవు దగ్గర చిన్న పాక వేసుకుంది. ఒకరోజు తాటాకుతో అరచేతంత చక్రం చేసి, తుమ్మముల్లుకు గుచ్చి, రేవు పక్కన పిల్లకాలువలో నిలబెట్టింది. అది గిరగిరా తిరిగింది. బట్టలుతుకుతున్న ఆడవాళ్ళు చేతుల్లో పని ఆపి చూశారు.

తాటాకమ్మ ఏమీ బోధించలేదు. రెండే రెండు మాటలు అడిగింది.

“దీన్ని తిప్పుతున్నది ఎక్కడి నుంచి వచ్చింది? తిప్పేసి ఎక్కడికి పోయింది?”

గంట లేకుండా ఎలా తిరుగుతోందని ఒకామె అనుమానపడింది. ఇంటికి పోయి గంట తెచ్చి చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టింది. ఆకుచక్రం జోరు పెరగనూ లేదు, తగ్గనూ లేదు. ఇంకొకామె అడ్డంగా చెయ్యి పెట్టి నీళ్ళు ఆపింది. చక్రం ఆగిపోయింది. మూడో ఆమె రాతి మీద నుంచి దూకే ధార కింద దాన్ని పట్టుకుంటే రివ్వున తిరిగింది. ఎంత ఎత్తు నుంచి పడితే అంత జోరు, ఎన్ని నీళ్ళు పడితే అంత బలం అని వాళ్ళకు వాళ్ళే చెప్పుకున్నారు. రేవంతా నవ్వులు. ఆ నవ్వులు గంటగది కిటికీ దాకా వినిపించాయి.

గంటపెద్ద కిటికీలోంచి చూశాడు. మొదటి రోజు ముఖం చిట్లించుకున్నాడు. రెండో రోజు చూడకూడదనుకుంటూనే చూశాడు. మూడో రోజుకి అన్నం సయించలేదు. ఆమెకు తెలిసింది తనకు తెలిసినదానిలో పదో వంతు కూడా ఉండదు. అయినా ఆమె చుట్టూ మూగుతున్నారు. వేలు పెట్టి చూపిస్తున్నారు, ఎందుకంటే ఎందుకని అడుగుతున్నారు. తనను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. అతనికి కడుపులో మంట లేచింది. అది అసూయేనని అతనికి తెలుసు. ఒప్పుకోవడానికి మాత్రం మనసు రాలేదు. ఊరి మర్యాద మంటగలుస్తోందన్న బాధ అని పేరు పెట్టుకున్నాడు.

ఎండలు ముదిరాయి. ఒక పొద్దున రేవులో అందరికంటే పెద్దావిడ, తడిచీర భుజాన వేసుకుని గంటగది దగ్గరికి వచ్చింది. నీళ్ళు తక్కువైనప్పుడు దంపుడూ తోడడమూ ఒక్కసారే పెడితే చక్రం రెంటికీ చాలక మూలుగుతోందనీ, పొద్దున దంచుకుని సాయంత్రం తోడుకుంటే రెండూ నడుస్తాయనీ, గంటలతో పని లేదనీ మెల్లగా చెప్పింది. తమకు ఆకుచక్రాల దగ్గర అలా తోచిందని కూడా అంది.

సరిగ్గా ఆ మాటే గంటపెద్ద తండ్రి చివరి ఘడియలో చెవిలో చెప్పాడు. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని మరీ చెప్పాడు. పన్నెండేళ్ళ సేవకు దక్కిన రహస్యం అది. దాన్ని ఈ ముసలావిడ చీర పిండుకుంటూ చెప్పేసింది. పైగా అది గొప్ప సంగతని కూడా ఆమెకు తెలియదు. ఇంటికి పోయేదారిలో ఇంకెవరికో చెబుతుంది, వాళ్ళు మరొకరికి చెబుతారు. గంటపెద్దకి ఒళ్ళు మండిపోయింది.

ఆ సాయంత్రం చావడిలో ఊరిని పిలిపించాడు. ఆకుచక్రాలు పెద్దచక్రం బలాన్ని దొంగిలిస్తున్నాయని, అందుకే ఈ ఏడు ఇంత నీరసమని చెప్పాడు. జనం ఒక్కసారిగా రేవు వైపు నడిచారు. పిల్లకాలువలో ఉన్న పదిహేడు ఆకుచక్రాలనూ తొక్కేశారు. తాటాకమ్మ పాక ముందు నిలబడి చూస్తూ ఉండిపోయింది. చాపలు తప్ప ఇంకేమీ చేయకూడదని ఆమెకు కట్టడి పెట్టారు.

రేవులోని పెద్దావిడ మాత్రం ఊరుకోలేదు.

“పెద్దయ్యా, రేవు చక్రానికి దిగువన ఉంది కదా. పని చేసి పోయిన నీళ్ళలోంచి మేమేం దొంగిలిస్తాం?”

“ఎదురు ప్రశ్నలు వేస్తే చక్రానికి కోపం వస్తుంది,” అన్నాడు గంటపెద్ద.

ఆమె అన్నది నిజమని అతనికి తెలుసు. ఆకుచక్రాల మీద నేరం మోపేటప్పుడూ తెలుసు. ఇంటికి వెళ్ళాక కాళ్ళు కడుక్కుంటూ చాలాసేపు చెంబు పట్టుకుని నిలబడ్డాడు. సిగ్గు వేసింది. కానీ మర్నాడు రేవు నిశ్శబ్దంగా ఉండేసరికి ఆ సిగ్గు పోయి, హాయిగా నిద్ర పట్టింది.

పది రోజులు తిరక్కుండా పట్టు గొడుగు వేసుకుని ఒకాయన ఊళ్ళోకి దిగాడు. ఊరు అతన్ని పట్టుగొడుగాయన అంది. కొండ అవతల అతనికి చెరకు తోటలు ఉన్నాయట. అతని చేతిలో నగిషీ చెక్కిన ఒక పెట్టె, పెట్టె మీద ఒక చిన్న చక్రం ఉన్నాయి. ఆ చక్రానికి నీళ్ళు లేవు, గాలి లేదు, ఎవరి చెయ్యీ లేదు. అయినా తిరుగుతోంది. జనం నోళ్ళు తెరిచారు. దీనికి ఏమీ పెట్టక్కర్లేదని, ఇంత పెద్ద పెట్టె ఒకటి తెచ్చి ఊరి చక్రానికి బిగిస్తే ఏడాది పొడుగునా ఒకే జోరున తిరుగుతుందని అతను చెప్పాడు. ఇక మీకు ఏరు ఎందుకు, దాన్ని కొండ అవతలికి మళ్ళించుకుంటాను, పెట్టె ఉత్తపుణ్యానికే ఇస్తాను అన్నాడు.

మర్నాడు చావడిలో అందరూ కూర్చున్నారు. పెట్టెను మధ్యలో పెట్టారు. గంటపెద్దను దగ్గరగా కూర్చోబెట్టారు. ఇరుసు చప్పుడు విని వయసు గడిపిన చెవి కదా, పెట్టెలోపల గోళ్ళు గీరుకుంటున్న చప్పుడు అతనికి వెంటనే అందింది. ఎలుక. లోపల ఒక ఎలుక పరిగెడుతోంది. ఇంత మోసమా అనుకున్నాడు. ఏరు పోతే చక్రం లేదు, చక్రం పోతే ఊరు లేదు. లేచి ఆ మాట చెప్పేద్దామని తలపాగా సర్దుకున్నాడు.

ఈలోపు జనం వెనక నుంచి తాటాకమ్మ లేచింది.

“దీన్ని తిప్పుతున్నది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమనండి. చెప్పలేకపోతే పెట్టె విప్పమనండి.”

రేవు ఆడవాళ్ళు అవునన్నారు. పట్టుగొడుగాయన నవ్వి, విప్పితే శక్తి ఎగిరిపోతుందన్నాడు. చాలామందికి అది సబబుగానే తోచింది. కానీ గంటపెద్ద పక్కనే, ముప్పై ఏళ్ళుగా ప్రతి పొద్దునా అతనికి దండం పెట్టే ముసలాయన ఒకడు తాటాకమ్మ మాటకు తల ఊపాడు. చిన్నగా, తనకు తెలియకుండానే ఊపాడు.

ఆ తల ఊపు గంటపెద్ద గుండెల్లో గుచ్చుకుంది. ఇప్పుడు తను లేచి మోసం అన్నాడనుకో, ఆమె చెప్పిన మాటకు వంత పాడినవాడవుతాడు. రేపటి నుంచి ఊరు చెప్పుకునేది ఆమె తెలివి గురించే. అదీగాక ఎందుకు మోసమో చెప్పాలంటే నీళ్ళు లేనిదే ఏ చక్రమూ తిరగదని చెప్పాలి. అప్పుడు గంట మాటేమిటని అడుగుతారు. అతను సగం లేచి ఆగాడు. అందరూ అతన్నే అడిగారు.

“మీరు చెప్పండి పెద్దయ్యా. తిరుగుతుందా?”

“తిరుగుతుంది,” అన్నాడు గంటపెద్ద.

ఆ ఒక్క మాటతో పని అయిపోయింది. పట్టుగొడుగాయన మనుషులు కొండ మీద ఏటికి అడ్డంగా రాళ్ళూ మట్టీ పోసి కట్ట వేశారు. ఏరు మొహం తిప్పుకుని కొండ అవతలికి పోయింది. ఇక్కడ ఊరి చక్రం ఇరుసుకి ఇంటి గది అంత పెట్టె బిగించారు. చక్రం తిరిగింది. లోపలి నుంచి గాడిద లద్ది వాసన వచ్చేది. కొత్త యంత్రం వాసన అలాగే ఉంటుందని ఊరు సరిపెట్టుకుంది. తొమ్మిదో రోజున పట్టుగొడుగాయన, పెట్టెలోకి సరిపడా శక్తి నిండిందని, ఇక అది దానంతట అదే నడుస్తుందని చెప్పి, మర్నాడు పొద్దున్నే ప్రయాణం కట్టాడు. సామాను మోయడానికి అతని వెంట రెండు గాడిదలు ఉన్నాయి. అవి ఎప్పుడు వచ్చాయని ఎవరూ అడగలేదు.

పదో రోజున చక్రం ఆగింది.

గంటపెద్ద గంట కొట్టాడు, పలక లాగాడు. పొడి ఇసుక రాలింది. ఊరు కంగారుపడింది. ఊరి పొలిమేర దాటబోతున్న పట్టుగొడుగాయన దగ్గరికి పెద్దలు పరిగెత్తారు. అతను గుర్రం దిగకుండానే సమాధానం చెప్పాడు. పెట్టెలో లోపం లేదు, గంట కొట్టే చెయ్యి ముసలిదైపోయింది, కండ ఉన్నవాణ్ణి పెట్టుకోండి అన్నాడు. పెద్దలు తిరిగొచ్చి గంటపెద్ద తలపాగా తీయించి గానుగాయనకు చుట్టారు. నూనె గానుగ దగ్గర రోజంతా ఎద్దుతో సమానంగా పనిచేసే మనిషి, జబ్బలు రోకళ్ళలా ఉంటాయి. అతను గంట కొడితే కొండ మారుమోగింది. చక్రం కదల్లేదు. గంటలు చాల్లేదని ఇళ్ళలోవి కూడా తెచ్చారు.

మూడు రోజులు గడిచాయి. ఎగువ వీధి తొట్లు అడుగంటాయి. పిండి లేక పిల్లలకు జావ పలచనైంది. గంటపెద్ద ఇంటి అరుగు మీద కూర్చుని అదంతా చూశాడు. మొదటి రోజు గానుగాయన తలకున్న ఎర్ర తలపాగా మీదే కళ్ళు నిలిచాయి, కుళ్ళుకున్నాడు. రెండో రోజు పిల్లల ఏడుపు వినిపించింది. మూడో రోజు ఇక కూర్చోలేకపోయాడు.

నేరుగా గంటగదికి పోయి, తలుపులు బార్లా తెరిచి, జనాన్ని లోపలికి రమ్మన్నాడు. తూము పలక చూపించాడు. దాన్ని పూర్తిగా పైకి లాగి అలాగే వదిలేశాడు.

“గంట ఏమీ చేయదు. ఎన్నడూ ఏమీ చేయలేదు. తిప్పింది నీళ్ళు. మా నాన్న మోసం చేశాడు, నేనూ చేశాను. ఆ పెట్టెలో గాడిదలు ఉండేవి. మోసమని తెలిసీ తిరుగుతుందని చెప్పాను. కొండ మీద కట్ట తెంపండి.”

బతుకులో మొదటిసారి దాపరికం లేకుండా మాట్లాడాడు. జనం కాసేపు పలకను చూశారు, కాసేపు అతన్ని చూశారు. తర్వాత ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని సన్నగా నవ్వారు.

“గానుగాయన మీద అసూయ,” అన్నాడు ఒక పెద్దమనిషి జాలిగా. “వయసైపోయింది, పాపం. ఇంటికి తీసుకెళ్ళండి.”

రెక్క పట్టుకుని బయట దిగబెట్టారు. వెనక గంటలు మళ్ళీ మొదలయ్యాయి. అసూయతో అన్న మాటను శిరసావహించిన ఊరు, అసూయ వదిలిపెట్టి చెప్పిన మాటను అసూయ అంది. గంటపెద్దకి ఏడుపు ఆగలేదు. తప్పు వాళ్ళది కాదని, అడక్కుండా నమ్మడం వాళ్ళకు నేర్పింది తానేనని అప్పుడు అతనికి పూర్తిగా అర్థమైంది.

అతను తాటాకమ్మ పాకకు పోయాడు. అక్కడ రేవు ఆడవాళ్ళు తొమ్మిదిమంది గడ్డపారలు, పలుగులు పట్టుకుని బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నారు. వాళ్ళు ఎండిపోయిన ఏటి వెంట పైకి నడిచి, నీళ్ళు ఎక్కడ ఆగాయో మొన్ననే చూసి వచ్చారట.

“నా మాట నమ్మడం లేదు,” అన్నాడు అతను. “నువ్వు చెప్పమ్మా, నీ మాట వింటారు.”

“నా మాట నమ్మమని నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు పెద్దయ్యా,” అంది తాటాకమ్మ. ఆమె గొంతులో మెత్తదనం లేదు. తొక్కేసిన పదిహేడు చక్రాలనూ ఆమె మరిచిపోలేదు. అయినా ఒక పలుగు తీసి అతనికి అందించింది.

కట్ట దగ్గర కాపలా లేదు. గంటలు కొట్టుకునే ఊరికి కాపలా దేనికని పట్టుగొడుగాయన అనుకుని ఉంటాడు. ఆడవాళ్ళు కట్ట నడుమ పారలు దించబోతుంటే గంటపెద్ద వద్దన్నాడు. రేవు పెద్దావిడ ఆగింది.

“ఎందుకు వద్దు?”

జన్మలో అతని విద్య గురించి ఎవరైనా ఎందుకని అడగడం అదే మొదటిసారి. నడుమ తెంపితే నీళ్ళన్నీ ఒక్కసారిగా పడి చక్రం రెక్కలు విరుగుతాయని, అంచున చిన్న గండి కొట్టి నీళ్ళ చేతే మెల్లగా కోయించాలని చెప్పాడు. ఎందుకలా అని ఇంకొకామె అడిగింది. దానికీ చెప్పాడు. ఇంకా అడిగారు, ఇంకా చెప్పాడు. నేల మీద గీతలు గీసి చూపించాడు. ఒకచోట అతను చెప్పింది తప్పని, అక్కడ నేల మెత్తగా ఉందని తాటాకమ్మ అంది. చూస్తే నిజమే. అతనికి చురుక్కుమంది. పలుగు తీసి ఆమె చూపించిన చోట వేశాడు.

మధ్యాహ్నానికి గండి పడింది. నీళ్ళు మొదట ఒక దారంలా, తర్వాత ఒక చెయ్యి మందాన, తర్వాత ఏరులా ఊరి వైపు పరిగెత్తాయి. అందరూ తడిసిపోయి గట్టు మీద కూలబడ్డారు. కాసేపటికి కింద చక్రం మూలిగిన చప్పుడు వినిపించింది. ఆ వెనకే ఊరంతా పెట్టిన కేక వినిపించింది. గానుగాయనా, గానుగాయనా అని జేజేలు కొడుతున్నారు. గంటలు ఒకటే మోత.

గంటపెద్ద దిగ్గున లేచాడు. పాత మంట మళ్ళీ కడుపులోంచి గొంతులోకి ఎక్కింది. చేతులు బొబ్బలెక్కింది ఇక్కడ, జేజేలు అక్కడ. చుట్టూ చూశాడు. ఆడవాళ్ళు చీర కొంగులు పిండుకుంటున్నారు, వాళ్ళకు ఆ కేకలు పట్టినట్టు లేదు. అతను వాళ్ళ మీద కూడా అసూయ పడ్డాడు.

అప్పుడు ఏటి గట్టు వెంట, నీళ్ళకు ఎదురుగా ఒక మనిషి పైకి రావడం కనిపించింది. వగరుస్తూ వస్తున్నాడు. తలపాగా చంకలో పెట్టుకున్నాడు. దగ్గరికి వచ్చాక తెలిసింది, గానుగాయన. అతను కట్టను చూశాడు, గండిని చూశాడు, పలుగులను చూశాడు. గంటపెద్దను పక్కకు పిలిచి, ఎవరికీ వినబడకుండా గొంతు తగ్గించాడు.

“పెద్దయ్యా, నేను అప్పుడు గంట కొట్టడం లేదు. చేతులు పడిపోయి మజ్జిగ తాగుతూ కూర్చున్నాను. అయినా చక్రం తిరిగింది. ఎందుకు తిరిగిందో నాకు చెప్పండి. నేను అడిగానని మాత్రం కింద ఎవరికీ చెప్పకండి.”

గంటపెద్ద ఆ ముఖంలోకి చూశాడు. కడుపులో మంట ఎప్పుడు చల్లారిందో అతనికే తెలియలేదు. అతనికి గానుగాయన మీద జాలి కలిగింది.

“చెప్తాను నాయనా. మొదటి నుంచి చివరిదాకా చెప్తాను. కానీ ఇక్కడ కాదు. చావడికి పద. అందరి ముందు నన్ను అడుగు.”

గానుగాయన వెనక్కి తిరిగి కిందికి చూశాడు. ఊరు ఇంకా అతని పేరు పెట్టి అరుస్తూనే ఉంది. గంటపెద్ద రమ్మని చెయ్యి చాపి నిలబడ్డాడు. గానుగాయన చంకలోని తలపాగాను రెండు చేతులతో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు, అడుగు ముందుకు వేయలేదు.